రెండిళ్లకూ తాళం వేసి ఉన్న శనివారం

పోయిన నెల నాన్న కేబుల్ గది ఖాళీ చేయించాం. టేకులపల్లిలో ప్రతి ఇంటి మీదా చిన్న చిన్న డిష్‌లు మొలిచాక, ఆ తర్వాత ప్రతి చేతిలోకీ ఫోన్ వచ్చాక, నాన్న స్తంభాలెక్కడం మానేసి చాలా ఏళ్లయింది. ఆ గది తాళం మాత్రం ఎవరినీ తీయనివ్వలేదు. లోపల ఏముంది నాన్నా అంటే "సామాను" అనేవాడు. సామానంటే ఏమిటో చివరికి చూశాం. చుట్టలు చుట్టిన నల్ల తీగ. కోతులు కొరికిన తీగ ముక్కలు విడిగా ఒక సంచిలో, సాక్ష్యం కింద దాచాడట. కోతుల మీద ఏ స్టేషన్లో కేసు పెడదామనుకున్నాడో అడిగితే చెప్పలేదు. ప్రాణం పోయిన సీడీ ప్లేయర్లు రెండు, వాటి లోపల కందిరీగలు కట్టుకున్న మట్టి గూళ్లు. ఒక అట్టపెట్టె నిండా సీడీలు. అన్నిటికన్నా పైనున్న దాని మీద నాన్న చేతిరాతతో 'ఆదివారం' అని ఉంది. సినిమా పేరు లేదు. మా ఊరికి ఆ సినిమా పేరుతో పని పడలేదు. ఆదివారం మధ్యాహ్నం నాన్న లోకల్ చానల్లో వచ్చేది అదొక్కటే.

నేనూ పేరు చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు వెతికి చూసి, నేను చెప్పిన కథకూ తెర మీది కథకూ పొంతన లేదని నన్ను పట్టుకుంటారు. నలుపు తెలుపు సినిమా. ఒక ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఇంకో ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మాట్లాడని ఇంటి అబ్బాయి, మాట్లాడే ఇంటి అమ్మాయి ప్రేమించుకుని, పెద్దలకు అనుమానం రాకుండా ఒక మధ్యవర్తిని పట్టుకుని, అది పెద్దలు కుదిర్చిన సంబంధంలా నడిపిస్తారు. పెళ్లిచూపుల నాడు అమ్మాయి వాళ్లు పక్కింటి సోఫా తెచ్చి వేస్తారు. అబ్బాయి వాళ్లు ఎవరిదో కారులో దిగుతారు. కాఫీలు సగం తాగేసరికి సోఫా గలవాడు సోఫా కోసం, కారు గలవాడు కారు కోసం వస్తారు. అక్కణ్ణుంచి కొట్లాట. సరిగ్గా కొట్లాట మధ్యలో మా సీడీకి గీత పడి ఉండేది. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, గొంతులు గుటకలు మింగి, మళ్లీ కుదురుకునేసరికి రెండు కుటుంబాలూ పందిట్లో అక్షింతలు వేస్తూ కనపడేవి. మధ్యలో ఏం జరిగిందో, ఎలా రాజీ పడ్డారో ఊళ్లో ఒక్కరికీ తెలియదు. తలా ఒక కథ అల్లుకున్నారు. మా నాయనమ్మది మాత్రం ఒకటే మాట. "రాజీ గీజీ ఏం లేదు. పడ్డట్టు నటిస్తున్నరు."

నాయనమ్మకు లోకమంతటి మీదా సమానంగా అనుమానం ఉండేది. ఆ విషయంలో పక్షపాతం చూపించిందని ఎవరూ అనలేరు. పొద్దున పాలు పోసే మనిషి గుమ్మం దిగకముందే బొటనవేలి గోటి మీద ఒక చుక్క వేసుకుని అది జారే తీరు చూసేది. ఇరవై ఏళ్లుగా అదే మనిషి, అదే గోరు. కోడి గుడ్డు పెడితే ఎండకు ఎత్తి పట్టి చూసేది; గుడ్డు సొంత కోడిదే. అడవి ఊళ్ల నుంచి తేనె తెచ్చే ఆమె మా ఇంటికి వచ్చేటప్పుడు గ్లాసుతో నీళ్లు తానే తెచ్చుకునేది, ఎలాగూ ఒక చుక్క వేసి చూపించమంటుందని. అమ్మ కూర రుచి చూసి బాగుందంటే, "ఎందుకు బాగుంది? ఏమేసినవ్?" అని ఆరా తీసేది. ఎండాకాలం మా ఇంట్లో మూడు వాసనలుండేవి. వాకిట్లో ఎండబోసిన ఇప్పపువ్వు తియ్యటి మత్తు వాసన, నాన్న గదిలోంచి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, సాయంత్రం సరోజ అత్త ఇంటికొచ్చాక ఆమె సంచిలోంచి స్పిరిట్ వాసన. మూడోది ఒకరోజు కాస్త తక్కువగా ఉంటే, "ఇయ్యాల డ్యూటీకి పోయినవా, ఇంకేడికన్న పోయినవా?" అని అడిగింది నాయనమ్మ. ఆ ముక్కు అలాంటిది.

సరోజ అత్త నాన్నకు ఒక్కతే చెల్లెలు. మా ఊరి నుంచి ఆటోలో అరగంట దూరంలో, అడవి లోపలి ఊరి దవాఖానాలో నర్సు. ఆ రోజుల్లో జ్వరం వచ్చిందంటే ముందు మలేరియానే అనుకునేవాళ్లు. ఉంగరపు వేలు పొడిచి, ఒక బొట్టు రక్తం గాజు పలక మీద పామి, ల్యాబ్‌కు పంపడం అత్త పని. ఆ పలకను సూక్ష్మదర్శినిలో పెట్టి చూసి ఉందో లేదో రాయడం ల్యాబ్ టెక్నీషియన్ ప్రసాద్ పని. పదో తరగతి చదివేటప్పుడు నాకు జ్వరం వచ్చి అక్కడికి పోయాను. పలక ల్యాబ్‌కు పోవడానికి నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులకూ అత్తకు పావుగంట పట్టింది. ప్రసాద్ నా రక్తంలో పురుగు కోసం వెతుకుతున్నాడో, కిటికీలోంచి అత్త కోసం వెతుకుతున్నాడో తేలలేదు. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో, "అత్తా, నాకు మలేరియా లేదు. నీకే ఏదో ఉంది" అన్నాను. అత్త ఆటో డ్రైవర్ వంక చూసి, నా చెయ్యి గట్టిగా గిల్లి, దిగాక పాలకోవా కొనిపెట్టింది. లంచం ఇచ్చేవాళ్లకు ముందు గిల్లడం ఎందుకో నాకిప్పటికీ తెలియదు.

వాళ్ల చిక్కు చిన్నది కాదు. ప్రసాద్ వాళ్లది పెనుబల్లి. తండ్రి రిటైరైన హెడ్మాస్టరు. ప్రేమ పెళ్లి అన్న మాట ఆ ఇంటి గడప దాటడానికి వీల్లేదని ఆయన శాసనం. మా నాయనమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. ప్రేమంటే ఆమె దృష్టిలో ఇద్దరు కలిసి మూడోవాళ్ల దగ్గర ఏదో దాచడం. ఈ పెద్దవాళ్లిద్దరిలో ఏ ఒక్కరు పసిగట్టినా ఈ పెళ్లి జరగదు. జరగకపోతే ఇంకెవరినీ చేసుకోనని అత్త నాతో మామూలుగా చెప్పింది, బస్సు దొరక్కపోతే నడిచి వస్తానన్నట్టు. ఆ మామూలుతనానికే నాకు భయమేసింది. కాబట్టి ఆదివారం సినిమాలో ఇద్దరూ ఏం చేశారో వీళ్లూ అదే చేశారు. దవాఖానాలో మందులిచ్చే పెద్దాయన్ని మధ్యవర్తిగా రెండిళ్లకూ పంపారు. అబ్బాయి ఉద్యోగం భద్రాచలంలో అని మా ఇంట్లో చెప్పించారు. అది పూర్తి అబద్ధం కాదు, పోస్టింగు అక్కడే, డెప్యుటేషను మాత్రం అత్త దవాఖానాకు. ప్రసాద్ తన ఇంట్లో కూడా డెప్యుటేషను మాట ఎత్తలేదు. పెద్దాయన "పిల్లగాడు బుద్ధిమంతుడు, ఒక్కడే కొడుకు, తండ్రి నిప్పు" అన్నాడు. ఫోటోలు మారాయి. వచ్చే ఆదివారం పెళ్లిచూపులన్నారు. అంతా సాఫీగా జరిగింది. సాఫీగా జరగడమే తప్పయింది.

"గింత జల్దీ ఎట్ల కుదిరింది?" అంది నాయనమ్మ, ఫోటో వెనకవైపు తిప్పి చూస్తూ. "ఒక్క వంక పెట్టలే వాళ్లు. పిల్లగానికి ఏదో ఉంది."

"ఏముంటదే అమ్మా, మంచిగనే ఉన్నడు గదా" అన్నాడు నాన్న.

"ఫోటోల మంచిగుండుడు పెద్ద పనా? ఆ సిన్మాల జూడలే? చెప్పి పోతే అన్నీ కిరాయి కుర్చీలే కనపడతయ్. చెప్పకుండ పోవాలె. ఇంట్ల ఎట్లుంటరో అట్ల దొరకాలె."

అలా ఆదివారానికి ముందు రోజు, శనివారం నాడు, చెప్పకుండా పెనుబల్లి పోవాలని తేలింది. శనివారమే ఎందుకంటే ఆ వారం మొత్తంలో గోడ మీది క్యాలెండర్ ప్రకారం పొద్దున పూట దోషం లేనిది అదొక్కటే. మా నాయనమ్మ నిఘాకు కూడా ముహూర్తం చూసుకునే మనిషి. పొయ్యి, వంటగిన్నెలు చూడడానికి అమ్మ, గోడలు, మోటారు చూడడానికి నాన్న, "మాటలు బయటికి గుంజటానికి" నేను. అత్తకు డ్యూటీ ఉంది, ఆమెకు సత్తుపల్లిలో ఎవరో చుట్టాలను చూడడానికని చెప్పాం. ఇంటికి పెద్ద తాళం వేసి, నాయనమ్మ దాన్ని మూడుసార్లు లాగి చూసి, నాలుగోసారి నాన్న చేత లాగించి బయల్దేరింది.

కొత్తగూడెంలో బస్సు మారాలి. నాన్న బస్సు వేళ కనుక్కోవడానికి పోతే, మిగతావాళ్లం బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. మా పక్కన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, చేతిలో గొడుగుతో ఒక పెద్దాయన, ఒళ్లో సంచి పెట్టుకుని ఆయన భార్య. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. కాసేపటికి ఆయన నాయనమ్మ వైపు తిరిగి, "టేకులపల్లి బస్సు ఎక్కడ ఆగుతుందండీ?" అన్నారు.

నాయనమ్మ మొహం తలుపు మూసినట్టు మూసుకుపోయింది. "టేకులపల్లిల మీకేం పని?"

ఆయన గొడుగు చేతులు మార్చుకున్నారు. "పనేం లేదండి. భద్రాచలం దర్శనానికి వెళ్తున్నాం. దారిలో కదా అని..."

"నాకు తెల్వదు. మాది ఇల్లందు."

పెనుబల్లి బస్సెక్కాక నాయనమ్మ నా చెవిలో అంది. "భద్రాచలం అటు, టేకులపల్లి ఇటు. దారిల ఎట్లయితది? దొంగలు. పైసలు డబల్ చేస్తమని తిరిగెటోళ్లు." నేను అన్నాను, "నువ్వు గూడ ఇల్లందు అంటివి గదా. ఇల్లందు పోయే బస్సు మనూరి మీదికెళ్లే పోతది. అది తెల్వదంటే ఎట్ల నమ్ముతరు?" నాయనమ్మ, "నమ్మకపోతే వాళ్లకే నష్టం" అంది.

పెనుబల్లిలో మాస్టారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వీధిలో అన్నిటికన్నా శుభ్రమైన గేటు. గేటుకు తాళం.

మేం నలుగురం ఆ తాళం ముందు నిలబడ్డాం. నాన్న ఒకసారి లాగి చూశాడు, అలవాటు కొద్దీ. పక్కింటామె చూసి, పిలిచి కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, "మాస్టారు గారికేమవుతారండీ?" అంది. చుట్టాలమవుదామని వచ్చామని చెప్పలేం కదా. నాన్న "మోటరు అమ్ముతరంటే..." అని నసిగాడు. ఆమెకు కారణంతో పని లేదు, వినేవాళ్లుంటే చాలు. "ఏనాడూ చెప్పకుండా ఊరు దాటని మనిషండీ. ఇవాళ పొద్దున్నే బయల్దేరారు ఇద్దరూ. పాపం ఆవిడ మొహంలో నాలుగేళ్లుగా కళ లేదు, పెద్దబ్బాయి పోయిన కాణ్ణించీ."

"పెద్దబ్బాయా?" అంది నాయనమ్మ. గోటి మీద పాలచుక్క వేసుకున్నప్పటి చూపు.

"పోవడమంటే ఆ పోవడం కాదండీ. తనకు నచ్చిన పిల్లను చేసుకున్నాడని మాస్టారు గుమ్మం తొక్కొద్దన్నారు. ఖమ్మంలో ఉంటున్నాడట, బళ్లు బాగుచేసే షాపు. పొద్దున ఏడింటికి ఖమ్మం బస్సు ఈ వీధి చివర ఆగుతుంది. ఆ బస్సు వచ్చి పోయేదాకా సుభద్రమ్మ గారి ముగ్గు పూర్తవ్వదు. ముగ్గేమో ఇంతే ఉంటుంది."

ఆమె చేతితో చూపించింది. నిజంగానే చిన్న ముగ్గు. గేటు ముందు ఇంకా చెదరకుండా ఉంది. నాయనమ్మ దాన్ని తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చేసింది. తిరుగు బస్సెక్కాం. ఒక కొడుకును దాచారు, అబద్ధం దొరికింది, ఇక సంబంధం వద్దంటుందని నేను ఎదురుచూశాను. అనలేదు. నాయనమ్మ చేతికి నేరం దొరికి కూడా తీర్పు చెప్పకపోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు అనుమానం మొదలైంది.

ఆ సాయంత్రం అత్త కూడా తేడాగా ఉంది. దవాఖానాలో ఏమైనా అయిందా అంటే "ఏం లేదు" అంది. మా ఇంట్లో 'ఏం లేదు' అన్నమాటకు ఉన్నంత బరువు ఇంకే మాటకూ లేదు.

ఆదివారం నాడు, చెప్పిన సమయానికి అయిదు నిమిషాల ముందు, మా ఇంటి ముందు ఆటో ఆగింది. ముందు గొడుగు దిగింది, తర్వాత తెల్ల చొక్కా దిగింది. వాకిట్లో నిలబడ్డ నాయనమ్మ, ఆటో దిగిన మాస్టారు ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు. వెనకాల ప్రసాద్ దిగడానికి చోటులేక ఆటోలోనే వంగి ఉండిపోయాడు.

"నమస్కారమండి," అన్నారు మాస్టారు. "ఇల్లందు నుంచి ఎప్పుడొచ్చారు?"

"మీకు దర్శనం మంచిగయిందా?" అంది నాయనమ్మ.

"అయిందండి. బాగానే అయింది."

నాన్న ఇద్దరి మొహాలూ చూసి, "ముందే ఎరుకనా మీకు?" అన్నాడు. "లేదు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. రెండు కుటుంబాలూ ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి విషయం అదే.

కుర్చీలు మా సొంతవే. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా నాయనమ్మ చెప్పింది. అమ్మ గారెలు పెట్టింది. సుభద్రమ్మ గారు తలవంచుకుని కూర్చున్నారు, ముందురోజు బస్టాండులో లాగానే. అత్త టీ తెచ్చింది. మాస్టారి ముందుకు రాగానే ఆమె చూపు ఆయన ఎడమచేతి ఉంగరపు వేలి మీద ఆగింది. ఆయన వేలు మడిచారు. అది నేను చూశాను, నేను చూడడం నాయనమ్మ చూసింది.

"అమ్మాయ్," అన్నారు మాస్టారు, టీ ముట్టకుండా. "మా అబ్బాయిని ఇదివరకెప్పుడైనా చూశావా?"

లేదని ఒక్క మాట అంటే చాలు. సినిమాలో అమ్మాయి కూడా లేదనే అంటుంది, ఎంతో అందంగా, తల అడ్డంగా ఊపి. నేను మనసులో అత్త తల పట్టుకుని అడ్డంగా ఊపుతున్నాను.

"చూసిన సార్," అంది అత్త. "రెండేండ్ల సంది ఒక్క దవాఖానల్నే చేస్తున్నం."

"భద్రాచలంల గదనే పిల్లగాడు చేసేది?" అంది నాయనమ్మ.

"కాదమ్మా." అత్త ట్రే కింద పెట్టింది. "మిమ్మల్ని గూడ చూసిన సార్, నిన్న. సుబ్బారావు అని పేరు రాయించిన్రు. జొరమన్నరు. నేనే రక్తం తీసిన. మీకు మలేరియా లేదు. చీటీ తీసుకపోకుండనే పోయిన్రు."

ప్రసాద్ లేచి నిలబడ్డాడు. "ఆ సుబ్బారావు స్లైడు... నాన్నగారిదా? నేనే చూశాను అది!"

విషయం ఇది. మాలాగే చెప్పకుండా వచ్చి మా తాళం ముందు నిలబడ్డ మాస్టారికి, పక్కింటివాళ్లు పిల్ల పనిచేసే దవాఖానాకు దారి చెప్పారు. పిల్లను చూసిపోదామని ఆయన జ్వరం తెచ్చుకున్నారు. వేలు పొడిపించుకుని బెంచీ మీద కూర్చుంటే, భద్రాచలంలో ఉండాల్సిన కొడుకు ల్యాబ్‌లోంచి బయటికొచ్చాడు. దోమల పోస్టరు అంటించిన స్తంభం వెనక్కి జరిగి నిలబడి చూశారట. కొడుకు నర్సు టిఫిను డబ్బాలోంచి, అడగకుండా, మామిడికాయ పచ్చడి తీసుకున్నాడు. అడగకుండా తీసుకున్నాడని ఆయన మాకు రెండుసార్లు చెప్పారు.

"నేనని నీకెలా తెలిసింది?" అని అడిగారు అత్తను.

"చెయ్యి పట్టుకోంగనే ఎర్కయింది సార్. మీ వేళ్లు, ప్రసాద్ వేళ్లు ఒక్కతీర్గుంటయ్."

ప్రసాద్ వేళ్లు ఎలా ఉంటాయో ఈ పిల్లకు ఎలా తెలుసో లెక్కవేసుకోవడానికి అందరికీ కొంత సమయం పట్టింది. అంతవరకూ నేను ఆగలేకపోయాను. "అందరు జాతకాలు జూస్తరు, మనం రక్తమే జూసినం. ఇంకేం గావాలె?" అన్నాను. అమ్మ నా తొడ మీద గిల్లింది. మా ఇంట్లో ఆడవాళ్లందరిదీ ఒకటే ఆయుధం.

మాస్టారు లేచారు. "నిజం చెప్పావమ్మా, సంతోషం. అబద్ధం చెబుతావేమోనని చూశాను. కానీ ప్రేమలూ దోమలూ మా ఇంట్లో కుదరవు. ఒకసారి చూశాం..." అని ఆగిపోయారు.

"ఏం జూసిన్రు?" అంది నాయనమ్మ. "చెప్పున్రి. ఒక్కడే కొడుకని చెప్పించిన్రు గదా. మరి ఖమ్మంల ఉన్నోడు ఎవరు?"

మాస్టారు భార్య వైపు తిరిగారు. గొడుగు తీసుకుని, "పదండి" అన్నారు. ప్రసాద్ తల దించుకున్నాడు. అత్త గోడకు ఆనుకుని నిలబడింది. అయిపోయింది అనుకున్నాను. రెండేళ్ల పలకలూ, నా పాలకోవాలూ అన్నీ అయిపోయాయి.

సుభద్రమ్మ గారు లేవలేదు.

"నేను రానండీ," అన్నారు. ఆమె గొంతు మేం వినడం అదే మొదటిసారి. అరుపు కాదు, గారె బాగుందని చెబుతున్నట్టే ఉంది. "పెద్దోడు గుమ్మం దిగినప్పుడు నేను మీ వెనకాల నిలబడ్డాను. ఈసారి నిలబడను. ఈ పెళ్లికి ఊ అని, వాణ్ణి కూడా పిలవండి. అప్పుడొస్తాను. లేదంటే నేను ఇక్కడే ఉంటాను." నాయనమ్మ వైపు తిరిగారు. "ఉండనిస్తారా అండీ?"

నాయనమ్మ ఆమెను పాదాల నుంచి పాపిట దాకా చూసింది. ఎవరింటికో పెళ్లిచూపులకొచ్చి అక్కడే ఉండిపోతానన్న మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు. ఎవరూ చూసి ఉండరు.

"మిరపకాయలకు తొడిమలు దీస్తవా?"

"తీస్తానండీ."

"అయితే ఉండు."

మాస్టారు ఒక్కరే వెళ్లారు. ప్రసాద్ డ్యూటీ ఉందని దవాఖానా వైపు పారిపోయాడు. సుభద్రమ్మ గారు చీర కొంగు దోపుకుని, వసారాలో కుప్పపోసిన మిరపకాయల ముందు కూర్చున్నారు. మాకు రెండెకరాల మిరపతోట ఉండేది, ఆ ఎండాకాలపు కాయ అంతా ఇంట్లోనే ఉంది. నాయనమ్మ మొదటి రోజు తలుపు చాటు నుంచి ఆమెను కాపలా కాసింది. "నాటకమేమో. మొగుడు పెండ్లాలు కలిసే ఆడుతున్నరేమో" అని నాతో గుసగుసలాడింది. నాకూ అదే అనుమానం. రెండో రోజుకు తలుపు చాటు నుంచి వచ్చి పక్కన కూర్చుంది, దగ్గరి నుంచి కాపలా కాయడానికి. అప్పుడే తెలిసింది, మాస్టారు కూడా ఆ ఆదివారం సినిమాను పెళ్లయిన కొత్తలో సత్తుపల్లి టూరింగ్ టాకీసులో చూశారట, సంబంధానికి చెప్పకుండా పోవాలన్న నీతి ఆయనా అక్కడే నేర్చుకున్నారట. శనివారం కూడా ఆయన పంచాంగం చూసి పెట్టిందే. ఆ సాయంత్రం నాయనమ్మ నాతో అంది. "తొడిమ మంచిగ దీస్తది. గింజ రాలనియ్యది." నాకు తెలిసి ఆ నోటి నుంచి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఎవరికీ రాలేదు.

మరి అత్త సంగతేంటి, రెండేళ్లు దాచింది కదా, కోపం లేదా అని అడిగాను. నాయనమ్మ చాలాసేపు మిరపకాయ ఒకటి తిప్పుతూ కూర్చుంది. "నా ముక్కు కింద రెండేండ్లు దాచింది. నాకు వాసన గూడ రాలే." తొడిమ తుంచింది. "నా బిడ్డనే." అది కోపమో, గర్వమో ఆమెకే తేలినట్టు లేదు.

ఇప్పుడు మేం ఎవరింటికైనా పోవాలంటే ముందు ఫోను చేస్తాం, తర్వాత బయల్దేరామని మెసేజి పెడతాం, వాళ్లు లొకేషను పంపుతారు. తాళం వేసిన గేటు ముందు నిలబడి పక్కింటామె చేతి నీళ్లు తాగే అవకాశం ఎవరికీ లేదు. మా పిన్ని కూతురికి సంబంధం చూసినప్పుడు అబ్బాయి ఫోటోలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు, పాత ఉద్యోగం, అన్నీ మంచం మీద పడుకునే చూశాం. అనుమానం తగ్గలేదు. గడప దాటకుండా అనుమానించడం నేర్చుకున్నాం, అంతే. అలా చూస్తే ఒక కొడుకును దాచిన సంగతి బయటపడేదే, కాదనను. బస్సు వచ్చేదాకా పూర్తి కాని ముగ్గు మాత్రం ఏ ఫోనులోనూ కనపడదు. నాయనమ్మ ఉంటే ఈ మాటకు కూడా "ఎందుకు గంత తియ్యగ మాట్లాడుతున్నవ్?" అని అడిగేది.

సుభద్రమ్మ గారు మా ఇంట్లో ఉండిపోయిన ఆ వారం, బుధవారం పొద్దున్నే కొత్తగూడెం బస్సు దిగి ముగ్గురు నడిచి వచ్చారు. ముందు మాస్టారు, చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో. వెనకాల ముప్పై ఏళ్ల మనిషి, గోళ్లలో బండి నూనె నలుపు. అతని పక్కన కొంగు భుజం చుట్టూ కప్పుకుని అతని భార్య. మాస్టారు మా వాకిట్లో నిలబడి, హాజరు పట్టీ చదువుతున్నట్టు, "పెద్దవాడొచ్చాడు. కోడలూ వచ్చింది" అన్నారు. ఖమ్మం పోయి ఆయనే పిలుచుకొచ్చారని తర్వాత తెలిసింది. అక్కడ ఏం మాట్లాడారో తండ్రీ చెప్పలేదు, కొడుకూ చెప్పలేదు. నేను అడగ్గా అడగ్గా కోడలు ఒక్కటే చెప్పింది. "వచ్చి, షాపు ముందు గొడుగేసుకుని నిలబడ్డారు. వాన లేదు."

సుభద్రమ్మ గారు లేచారు. చేతులు రెండూ కారం. కొడుకు మొహం పట్టుకోబోయి గుర్తొచ్చి, చేతులు రెండూ గాల్లోనే ఆపేశారు. "దగ్గరికి రాకురా, మండుద్ది" అన్నారు. అతను వినలేదు. వంగి తల్లి భుజం మీద తల పెట్టాడు. ఆమె చేతులు మాత్రం అలాగే దూరంగా, ఎవరో తుపాకి చూపించినట్టు పైకి ఉన్నాయి. తర్వాత పావుగంట అతను మా బోరింగు దగ్గర కళ్లు కడుక్కుంటూనే ఉన్నాడు. అత్త చెంబుతో నీళ్లు పోస్తూ, "నలపకున్రి బావగారూ, నలిపితే ఎక్కువైతది" అంది. బావగారూ అన్న మాటకు మాస్టారు తల తిప్పి చూశారు. నాయనమ్మ నా పక్కకొచ్చి అడిగింది. "ఏడుస్తున్నడా, మిరపకాయనా?" రెండూ అన్నాను. "ఏది ఎక్కువ?" అంది.

టీలు తాగాక మాస్టారు గొంతు సవరించుకున్నారు. "లగ్నం పెట్టుకోవడానికి మళ్లీ రావాలి కదండీ. ఎప్పుడు రమ్మంటారో చెబితే..."

"చెప్పుడేంది?" అంది నాయనమ్మ. "మీ ఇల్లే. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు రాండ్రి."

ఆ మాటలో ఏదైనా మెలిక ఉందేమోనని మాస్టారు చాలాసేపు ఆమె మొహంలోకి చూశారు. నేనూ చూశాను. దొరకలేదు.